ఫ్రాంక్లిన్, ఫిలడెల్ఫియా, నిప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) అనగానే చాలామందికి గాలిపటం, తాళంచెవి గుర్తొస్తాయి. కాస్త చరిత్ర చదివినవాళ్లకు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన పెద్దమనిషిగా, ఫ్రాన్సులో రాయబారిగా తెలుసు. ఇళ్లు తగలబడకుండా చూడటానికి, తగలబడితే ఆర్పడానికి, ఆర్పలేకపోతే నష్టం పంచుకోవడానికి ఆయన యాభై ఏళ్లకు పైగా చేసిన పని మాత్రం ఈ పేర్ల వెనక మరుగున పడిపోయింది. ఆ పని గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులివి.

ఫ్రాంక్లిన్ అగ్నిమాపక యంత్రం ఏదైనా కనిపెట్టాడా?

లేదు. నీళ్లు చిమ్మే చేతిపంపు బళ్లు అప్పటికే ఇంగ్లండులో తయారవుతున్నాయి. ఆయన కనిపెట్టినవాటిలో నిప్పుతో సంబంధమున్నవి రెండు: పిడుగు నుంచి కట్టడాన్ని కాపాడే లైట్నింగ్ రాడ్, గదిని వెచ్చబెట్టే ఇనుప పొయ్యి. అయితే మా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం ఈ రెండింటిలోనూ లేదు. బకెట్ ఎక్కడ వేలాడదీయాలి, నెలనెలా దాన్ని ఎవరు చూడాలి, అది కనబడకపోతే ఎంత జరిమానా కట్టాలి అని కాగితం మీద రాసి, ఇరుగుపొరుగు చేత సంతకాలు చేయించడంలో ఉంది.

అప్పటి ఫిలడెల్ఫియాలో ఇళ్లు ఎందుకు అంత సులువుగా అంటుకునేవి?

వంటకూ వెలుతురుకూ చలికాలంలో వెచ్చదనానికీ అన్నిటికీ నిప్పే ఆధారం. ఇంటి కప్పు మీద చెక్క పెంకులు. గోడ ఇటుకదైనా లోపల మెట్లు, నేల, దూలాలు అన్నీ కలపే. 1730 ఏప్రిల్‌లో డెలవేర్ నది ఒడ్డున ఫిష్‌బోర్న్ రేవు దగ్గర రేగిన మంట గిడ్డంగులను, ఇళ్లను కాల్చేసింది. మంచి యంత్రాలుంటే దాన్ని ఆపగలిగేవాళ్లని ఫ్రాంక్లిన్ నడిపే పెన్సిల్వేనియా గెజెట్ పత్రిక రాసింది. ఆ తర్వాతే నగర పాలకులు ఇంగ్లండు నుంచి యంత్రాలు తెప్పించే ఏర్పాట్లు చేశారు.

గెజెట్‌లో ఆయన రాసిన లేఖ ఏమిటి? అందులో అంత ప్రత్యేకం ఏముంది?

ఊళ్లను అగ్ని నుంచి కాపాడుకోవడం గురించి, ఒక ముసలి పౌరుడు రాసినట్టుగా, 'ఏ.ఏ.' అనే పొట్టి సంతకంతో అచ్చువేసిన లేఖ అది. అప్పటికి ఫ్రాంక్లిన్ వయసు ముప్ఫై కూడా నిండలేదు. లేఖలో నీతిబోధ తక్కువ, పనికొచ్చే మాట ఎక్కువ.

మొదటి హెచ్చరిక పార గురించి. రగులుతున్న బొగ్గులను పార నిండా ఎత్తుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, మెట్ల మీదుగా పైకీ కిందికీ తీసుకెళ్లొద్దు. తప్పనిసరైతే మూతపెట్టిన పాత్రలో తీసుకెళ్లండి అన్నాడు. కారణం కూడా చెప్పాడు. చిన్న నిప్పురవ్వ చెక్కల సందులో పడితే ఆ క్షణంలో ఏమీ కనిపించదు. అర్ధరాత్రికి మెట్లు మండుతుంటాయి, కిటికీలోంచి దూకడం తప్ప దారి ఉండదు.

రెండోది పొయ్యి కట్టుబడి. పొయ్యి ముందు రాతి అరుగు చాలినంత వెడల్పు లేకపోవడం ఒక తప్పు. పొయ్యికి రెండువైపులా అలంకారంగా చెక్క పట్టీలు బిగించడం అంతకంటే పెద్ద తప్పు. ఆ పట్టీలు సాధారణంగా దేవదారు జాతి చెట్టు చేవతో చేసినవి, టర్పెంటైన్ నిండినవి. ఒక్క బొగ్గు దొర్లి తగిలితే చాలు, భగ్గుమంటాయి.

మూడోది పొగగొట్టాలు. మసి పేరుకున్న గొట్టం లోపలే అంటుకుంటుంది. అందుకని గొట్టాలు శుభ్రం చేయించే గుత్తేదార్లకు మేయరు లైసెన్సు ఉండాలని, శుభ్రం చేసిన 15 రోజుల్లోపు ఆ గొట్టం అంటుకుంటే జరిమానా ఇంటివాడు కాకుండా శుభ్రం చేసినవాడు కట్టాలని సూచించాడు. పని సరిగ్గా జరిగిందో లేదో ఇంటివాడు గొట్టంలోకి దూరి చూడలేడు. కాబట్టి బాధ్యత ఆ పని తెలిసినవాడి మీదే పెట్టాడు. ఇంతకంటే న్యాయమైన సూచన ఆ లేఖలో ఇంకోటి లేదని మా అభిప్రాయం.

మంట ఆర్పడానికి మనుషులకూ మంచి మనసుకూ మా ఊళ్లో కొరత లేదు, లేనివల్లా క్రమం, పద్ధతి అని కూడా అందులో రాశాడు. పొరుగు రాష్ట్రంలోని ఒక నగరంలో, అంటే తాను పుట్టిన బోస్టన్‌లో, ప్రతి యంత్రానికీ ఒక జట్టు ఉండటం, ఆ జట్టు మూడు నెలలకోసారి యంత్రాన్ని ఆడించి చూడటం, మంట దగ్గర ఆజ్ఞలిచ్చే అధికారి అయిదడుగుల ఎర్ర కర్ర, దాని కొసన ఆరంగుళాల ఇత్తడి జ్వాల పట్టుకుని నిలబడటం వివరించాడు. గుంపులో ఎవరి మాట వినాలో దూరం నుంచే తెలియాలి కదా.

ఈ లేఖకు ఒకచోట 1734 అని, ఇంకోచోట 1735 అని ఉంటుంది. ఏది సరి?

మన లెక్కలో సంవత్సరం 1735, పత్రిక మీది తేదీ ఫిబ్రవరి 4. అప్పటి ఇంగ్లీషు పాలనలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకని పాత కాగితాల మీద 1734 అని ఉంటుంది.

'ఔన్సు ముందుజాగ్రత్త పౌను చికిత్సతో సమానం' అన్నది ఆరోగ్యం గురించి చెప్పిన మాట కాదా?

మందుల ప్రకటనల్లో వాడి వాడి అలా అయిపోయింది. ఫ్రాంక్లిన్ ఆ సామెతను ఎత్తుకున్నది పైన చెప్పిన లేఖలోనే, నిప్పుల పార సందర్భంలో. పౌనుకు 16 ఔన్సులు, అంటే ఒక వంతు జాగ్రత్త పదహారు వంతుల తంటాను తప్పిస్తుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మనం అనేది కూడా ఈ సంగతే.

యూనియన్ ఫైర్ కంపెనీ నియమాలు ఏమిటి?

ఫ్రాంక్లిన్, ఆయన ఇరుగుపొరుగు కలిసి ఫిలడెల్ఫియాలో పెట్టుకున్న అగ్నిమాపక సంఘం ఇది. 1736 డిసెంబరు 7న ఒప్పందం రాసుకున్నారు. కంపెనీ అన్నా ఇది వ్యాపార సంస్థ కాదు, జీతం లేని పౌరుల సంఘం. ముఖ్యమైన షరతులు ఇవి.

ప్రతి సభ్యుడూ సొంత ఖర్చుతో రెండు తోలు బకెట్లు, నాలుగు ముతక నార గుడ్డ సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. ఒక్కో సంచికి కనీసం నాలుగు గజాల గుడ్డ పట్టాలి, మూతి దగ్గర లాగితే బిగుసుకునే తాడు ఉండాలి. బకెట్ల మీద, సంచుల మీద సభ్యుడి పేరులోని మొదటి అక్షరాలు, కంపెనీ గుర్తు వేయించాలి. వాటిని ఇంకే పనికీ వాడకూడదు. ఈ చివరి షరతు చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్రాణం అక్కడే ఉంది. ఇంటిపనికి వాడిన బకెట్ అవసరం వచ్చిన రాత్రి దాని చోట ఉండదు.

బకెట్ గానీ సంచి గానీ లేకపోతే ఒక్కోదానికి అయిదు షిల్లింగుల జరిమానా. మంట దగ్గర పోతే మాత్రం సంఘం డబ్బుతో కొత్తది కొనిస్తారు. నిర్లక్ష్యానికి శిక్ష, సాయం చేయబోయి పోగొట్టుకున్నదానికి పరిహారం అన్నమాట.

రాత్రిపూట కేక వినగానే కిటికీల్లో దీపాలు పెట్టాలి. ప్రమాదంలో ఉన్న ఇంట్లోనైతే ప్రతి గదిలోనూ కొవ్వొత్తి వెలిగించాలి, చీకట్లో గందరగోళం లేకుండా. ఇద్దరు సభ్యులు వాకిట్లోనే నిలబడి, సామాను భద్రమైన చోటికి చేరేదాకా అనుమానాస్పదులను లోపలికి రానివ్వకూడదు. సభ్యుల పేర్ల జాబితా ఒకటి బకెట్ల పక్కనే కనబడేలా అంటించాలి.

నెలకోసారి, చివరి సోమవారం సాయంత్రం సమావేశం. రానివాళ్లకు జరిమానా. సంతకాలు చేసిన వరుసలో ఒక్కొక్కరు నెలపాటు గుమాస్తాగా ఉండి, అందరి బకెట్లనూ సంచులనూ తనిఖీ చేసి, ఆ సమావేశంలో నివేదిక ఇవ్వాలి. సభ్యుడు చనిపోతే అతని భార్యకు, బకెట్లూ సంచులూ ఉంచుకున్నంతకాలం, భర్త ఉన్నప్పటిలాగే సాయం అందుతుంది.

ఆర్పడానికి వెళ్లేవాళ్లకు సంచులెందుకు?

అంటుకున్న ఇల్లు దక్కడం అప్పట్లో అరుదు. దక్కేది సామాను. బీమా లేని రోజుల్లో పరుపులు, వెండి పాత్రలు, దుకాణపు సరుకు పోతే కుటుంబం వీధిన పడేది. చేతుల్లో మోస్తే సగం దారిలో పడిపోతుంది, సగం దొంగల పాలవుతుంది. సంచిలో వేసి తాడు లాగితే ఒక మనిషి ఒక్క పరుగులో బయటికి తెస్తాడు. తర్వాత సంచులకు తోడు బుట్టలు కూడా చేర్చారు.

బకెట్ల వరస, చేతిపంపు ఎలా పనిచేసేవి? ఎక్కడ చెడిపోయేవి?

బావి నుంచి లేదా వీధి పంపు నుంచి మంటదాకా జనం రెండు వరసల్లో నిలబడతారు. నిండు బకెట్లు ఒక వరసలో ముందుకు, ఖాళీవి ఇంకో వరసలో వెనక్కి. ఎవరూ పరుగెత్తరు, బకెట్ మాత్రమే కదులుతుంది. పరుగెత్తితే నీళ్లు ఒలుకుతాయి, జనం ఢీకొంటారు.

ఈ నీళ్లను నేరుగా మంట మీద పోస్తే దగ్గరికి వెళ్లగలిగినంతే. యంత్రం ఉంటే బకెట్లు దాని తొట్టిలో పోస్తారు. లండన్‌లో రిచర్డ్ న్యూషమ్ చేసిన రకంలో రెండు పంపు గొట్టాలు, వాటిని మార్చిమార్చి తొక్కే పొడవాటి మీటలు ఉంటాయి. రెండువైపులా మనుషులు నిలబడి మీటలను కిందికీ పైకీ ఆడిస్తారు. మధ్యలో ఒక గాలి గది ఉంటుంది. లోపల నొక్కుకుపోయిన గాలి నీటిని ఎడతెగని ధారగా తోస్తుంది. ఆ గది లేకపోతే నీరు తుంపులు తుంపులుగా పడుతుంది.

పాడయ్యేది ఎక్కువగా తోలు. బకెట్ కుట్లు, పంపులోని కవాటాలు ఎండితే బీటలు వారి కారిపోతాయి, కాబట్టి నూనె పట్టించాలి, అప్పుడప్పుడు తడపాలి. చలికాలంలో తొట్టిలో నీరు మిగిలితే గడ్డకట్టి గొట్టం పగులుతుంది. మూడు నెలలకోసారి ఆడించి చూడాలన్న బోస్టన్ అలవాటు ఫ్రాంక్లిన్‌కు అంతగా నచ్చడానికి కారణం ఇదే. తొట్టిలో నీరు ఎంత త్వరగా నింపగలరన్నది కూడా చూసుకోవాలి. నింపేవాళ్లు వెనకబడితే ఎంత మంచి పంపైనా గాలే పీలుస్తుంది.

అమెరికాలో మొదటి అగ్నిమాపక దళం ఇదేనా?

కాదు. 1670ల చివరికే బోస్టన్‌లో యంత్రం, దాన్ని నడపడానికి డబ్బిచ్చి పెట్టుకున్న మనుషులు ఉన్నారు. సభ్యుల సామాను కాపాడుకునే సంఘం కూడా అక్కడ 1710ల్లోనే పుట్టింది. యూనియన్ ఫైర్ కంపెనీ ఫిలడెల్ఫియాకు మొదటిది. 

ఫ్రాంక్లిన్ దానికి చీఫా?

అలాంటి పదవి ఒప్పందంలో లేదు. నెలనెలా మారే గుమాస్తాయే ఉన్నాడు.

మరి ఫలితం కనిపించిందా?

కనిపించింది. చేరతామన్నవాళ్లు ఎక్కువైతే, ఒకే సంఘాన్ని పెంచకుండా మీరింకోటి పెట్టుకోండి అని చెప్పారు. అలా 1738లో ఫెలోషిప్, 1742లో హ్యాండ్ ఇన్ హ్యాండ్, 1743లో హార్ట్ ఇన్ హ్యాండ్ వచ్చాయి. ముప్ఫై మంది ఉన్న సంఘంలో ఎవరి బకెట్ చిల్లుపడిందో అందరికీ తెలుస్తుంది, మూడొందల మందిలో తెలియదు. గైర్హాజరు జరిమానాల డబ్బుతో యంత్రాలు, నిచ్చెనలు, మండే కప్పులను లాగేసే కొక్కేలు కొన్నారు. ఈ సంఘాలు వచ్చాక నగరంలో ఒక్కసారికి ఒకటి రెండు ఇళ్లకు మించి కాలలేదని ఫ్రాంక్లిన్ ముసలితనంలో ఆత్మకథలో రాసుకున్నాడు. అప్పటికి తొలి సభ్యుల్లో బతికున్నది ఆయన, ఇంకొక్కరు. స్వచ్ఛంద దళాల ఈ పద్ధతి ఫిలడెల్ఫియాలో 1871లో జీతాల దళం వచ్చేదాకా నడిచింది.

అగ్ని బీమా సంగతేమిటి?

1752లో ఆయన, తోటి అగ్నిమాపక సంఘాల సభ్యులు కలిసి ఫిలడెల్ఫియా కాంట్రిబ్యూషన్‌షిప్ అనే బీమా సంఘం స్థాపించారు. లండన్‌లో 1696 నుంచి ఉన్న ఇలాంటి సంఘం దీనికి నమూనా. పాలసీ ఏడేళ్లకు. ఇంటివాడు ఒక మొత్తం డిపాజిట్ చేస్తాడు, దాని మీద వడ్డీ నష్టాలకు వాడతారు, గడువు తీరాక తన వాటా నష్టం పోను మిగిలింది తిరిగి వస్తుంది. లాభం తీసుకునే యజమాని లేడు, పాలసీదార్లే యజమానులు. చార్ల్‌స్టన్‌లో 1730ల్లో ఇంతకుముందే ఒక సంఘం పుట్టింది కానీ 1740 నాటి పెద్ద అగ్నిప్రమాదంలో అది మునిగిపోయింది. ఫిలడెల్ఫియాది నేటికీ ఉంది.

బీమా ఇచ్చేముందు ఇల్లు చూసి రావడం దీని బలం. గోడలు దేనివి, లోపల ఏ పని జరుగుతుంది, పక్కన ఏముంది అన్నదాన్ని బట్టి రేటు. జాగ్రత్తగా కట్టుకున్నవాడికి తక్కువ పడుతుందంటే, కట్టేముందే జనం ఆలోచిస్తారు. 1781లో ఇంటి ముందు చెట్లుంటే బీమా ఇవ్వబోమని డైరెక్టర్లు తీర్మానించారు; కొమ్మలు అడ్డొచ్చి నీటిధార చేరదు, చెట్టే మంటను మోసుకొస్తుంది. చెట్లు వదులుకోలేనివాళ్లు 1784లో పచ్చని చెట్టు గుర్తుతో వేరే బీమా సంఘం పెట్టుకున్నారు.

గోడ మీద బీమా గుర్తు లేకపోతే దళాలు ఇల్లు కాలనిచ్చేవట, నిజమేనా?

ఫిలడెల్ఫియా విషయంలో నిజం కాదు. స్వచ్ఛంద దళాలు మంట ఎవరిదైనా వెళ్లేవి. కాంట్రిబ్యూషన్‌షిప్ వాళ్ల గుర్తు, మణికట్లు పట్టుకున్న నాలుగు చేతుల సీసపు బొమ్మ, చెక్క పలక మీద బిగించినది, ఆ ఇంటికి ఎవరు బీమా ఇచ్చారో చెప్పేది అంతే.

లైట్నింగ్ రాడ్ ఎలా కట్టాలని ఫ్రాంక్లిన్ చెప్పాడు?

తాను ఏటా వెలువరించే పూర్ రిచర్డ్ పంచాంగం 1753 సంచికలో కొలతలతో సహా అచ్చువేశాడు. మేకులు చేసేవాళ్లు వాడే సన్నని ఇనుప కడ్డీ తీసుకోవాలి. కింది కొస తడి నేలలో మూడు నాలుగు అడుగులు దిగాలి, పై కొస కట్టడంలో అన్నిటికంటే ఎత్తైన చోటికి పైన ఆరు నుంచి ఎనిమిది అడుగులు ఉండాలి. ఆ కొసకు ఒక అడుగు పొడవు ఇత్తడి తీగ, అల్లికసూది అంత లావుది, మొన తేల్చి బిగించాలి. కడ్డీని చిన్న కొంకులతో గోడకు పట్టించాలి. ఇల్లు పొడవుగా ఉంటే రెండు చివరలా రెండు కడ్డీలు, వాటిని కలుపుతూ కప్పు వెన్ను మీదుగా ఒక తీగ. ఓడలైతే తెరచాప స్తంభం పైకొసన కడ్డీ, దాని అడుగు నుంచి నీటిదాకా తీగ. దీనికి పేటెంట్ తీసుకోలేదు. ఎవరి ఊరి కమ్మరి వాళ్లకు చేసిపెట్టగలిగాడు.

అందులో తప్పులేమైనా ఉన్నాయా?

మూడు నాలుగు అడుగుల లోతు అన్ని నేలల్లోనూ చాలదు. పైమట్టి ఎండితే విద్యుత్తు భూమిలోకి సులువుగా దిగదు, పక్కనున్న లోహం మీదికో తడిగోడ మీదికో దూకుతుంది. తర్వాతి రాతల్లో ఆయనే దీన్ని సవరించాడు: కడ్డీ తడి నేల తగిలేదాకా పోవాలి, పునాదికి దూరంగా వంగాలి, కొక్కేలతో తగిలించిన ముక్కలకంటే ఎడతెగని ఒకే కడ్డీ మేలు.

మొన ఉన్న కడ్డీ మేఘంలోని విద్యుత్తును చప్పుడు లేకుండా పీల్చేసి పిడుగే పడకుండా చేస్తుందని కూడా ఆయన నమ్మాడు. ఇది నిలబడలేదు. కడ్డీ పిడుగును ఆపదు; పడే పిడుగును తన మీదికి తీసుకుని నేలలోకి దారి చూపిస్తుంది. మొన వాడిగా ఉండాలా గుండ్రంగా ఉండాలా అని 1770ల్లో ఇంగ్లండులో పెద్ద తగవే జరిగింది, మూడో జార్జి రాజు గుండ్రటివాటి పక్షం వహించాడు. ఈ మధ్యకాలపు పరీక్షల్లో మరీ వాడిగా కాక కాస్త మొద్దుగా ఉన్న కొసలే పిడుగును బాగా అందుకున్నాయి.

జనం వెంటనే ఒప్పుకున్నారా?

లేదు. 1755లో న్యూ ఇంగ్లండులో భూకంపం వస్తే, కడ్డీలు విద్యుత్తును నేలలో నింపడం వల్లే వచ్చిందేమోనని బోస్టన్‌లో ఒక మతగురువు రాశాడు. ఫ్రాన్సులో సెయింట్ ఒమేర్ ఊళ్లో ఒకాయన ఇంటి మీది కడ్డీ తీసేయమని ఇరుగుపొరుగు కోర్టుకెక్కితే, 1783లో ఆయన తరఫున వాదించి గెలిపించిన యువ వకీలు తర్వాత విప్లవంలో పేరుమోసిన రోబెస్పియర్. మరోవైపు, 1769లో ఇటలీలోని బ్రెషియాలో తుపాకిమందు నిల్వచేసిన కట్టడం మీద పిడుగు పడి, నగరంలో పెద్ద భాగం కూలిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వాల ఆలోచన మారింది.

ఇంట్లో గంటలు మోగించే కడ్డీ పెట్టుకున్నాడట?

అవును, 1752 సెప్టెంబరులో. పొగగొట్టం మీది కడ్డీ నుంచి వచ్చే తీగను మెట్ల దగ్గర తెంపి, ఆరంగుళాల ఎడంతో రెండు గంటలు, మధ్యలో పట్టుదారానికి వేలాడే ఇత్తడి గుండు పెట్టాడు. మేఘంలో విద్యుత్తు ఉంటే గుండు అటూ ఇటూ కొట్టుకుని గంటలు మోగేవి. దయచేసి ఎవరూ ఇలాంటిది చేయవద్దు. తీగలో తెంపు ఉండటమంటే పిడుగును ఇంట్లోకి పిలవడమే. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిఖ్‌మన్ అనే శాస్త్రవేత్త నేలకు కలపని కడ్డీ దగ్గర కొలతలు తీస్తూ ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఆయన కొలతల ప్రకారం ఇప్పుడు మా ఇంటికి రాడ్ పెట్టించుకోవచ్చా?

వద్దు. సూత్రం అదే, కొలతలు మారాయి. భారతదేశంలో పిడుగు రక్షణకు ఉన్న ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం చూడాలి. కిందికి దిగే వాహకం మామూలుగా కనీసం 50 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యంతో ఉండాలి, సాధారణంగా ఒకటి కాదు రెండు దారులైనా ఉండాలి, ఎర్త్ నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉండటం మంచిది. ఫ్రాంక్లిన్ కాలంలో లేని సమస్య కరెంటు తీగలు: పిడుగు దూరాన పడినా ఆ తీగల వెంట ఇంట్లోకి వస్తుంది. అందుకు, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ వేరుగా పెట్టాలి. ఎర్త్ గుంటను ఏటా, వేసవిలో నేల బాగా ఎండినప్పుడు కొలిపించండి. వానాకాలంలో కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఫ్రాంక్లిన్ పొయ్యి నిప్పు ప్రమాదాన్ని తగ్గించిందా?

కొంత. 1740ల మొదట్లో రూపొందించి, 1744లో దాని మీద చిన్న పుస్తకం వేశాడు. ఇనుప రేకుల పెట్టె నిప్పును లోపలే ఉంచుతుంది, ముందు తలుపు దించి వెనక కవాటం మూస్తే గాలి అందక మంట ఆరిపోతుంది. కానీ పొగ ఒక గాలిపెట్టె మీదుగా ఎక్కి, దాని వెనక కిందికి దిగి, నేల అడుగునుంచి గొట్టంలోకి పోవాలి. గొట్టం ముందే వేడెక్కి ఉంటే తప్ప పొగ కిందికి దిగదు, గదిలోకి తన్నుకొస్తుంది. అందుకే తర్వాతివాళ్లు ఆ వంకర దారి తీసేసి నేరు గొట్టం పెట్టారు. దీనికి కూడా గవర్నరు పేటెంట్ ఇస్తానంటే ఆయన వద్దన్నాడు.

సొంత ఇంటిని ఎలా కట్టించుకున్నాడు?

మార్కెట్ వీధిలో తన ఇళ్ల గురించి ముసలితనంలో రాసిన ఉత్తరంలో వివరాలున్నాయి. ఒక గదిలోని చెక్కపని ఇంకో గది చెక్కపనికి తగలదు, అందువల్ల మంట ఒక గదిలోనే చిక్కుకుంటుంది. నేల చెక్కలకూ మెట్లకూ కూడా అడుగున గచ్చు పూయించాడు, దూలాల కింద ఉండే మామూలు పూతకు ఇది అదనం. కప్పు మీదికి వెళ్లే తలుపులు పెట్టించాడు, పక్కిల్లు అంటుకుంటే పైకెక్కి చెక్క పెంకులను తడపడానికి. ఇంత చేసినా తృప్తి లేదు: మెట్లు రాతివి, నేలలు పారిస్‌లోలా పలకలవి, కప్పు పెంకుదో పలకరాతిదో అయితే మేలని రాశాడు.

ఫ్రాన్సు నుంచి తిరిగొచ్చాక ఆ ఇంటికి మరమ్మతు చేయిస్తుంటే పనివాళ్లు పాత కడ్డీని దించారు. తొమ్మిదంగుళాల రాగి మొన దాదాపు మొత్తం కరిగిపోయి ఉంది. ఆయన ఊళ్లో లేని ఏళ్లలో ఎప్పుడో ఇంటి మీద పిడుగు పడింది. ఇల్లు చెక్కుచెదరలేదు.